రోడ్డు పక్కన నిలబడ్డ గడ్డి బర్రె గారికి

గౌరవనీయులైన గడ్డి బర్రె గారి పాదాలకు,

ములుగు రోడ్డు పక్క రైతు నమస్కరించి వ్రాయునది ఏమనగా, మేమిక్కడ క్షేమం కాదు. తమరు మాత్రం క్షేమంగానే కనిపిస్తున్నారు. ఎడమ కొమ్ము కాస్త వాలింది, పొట్ట కొంచెం జారింది, అంతే. ఎండలు ముదురుతున్నా తమరికి ఆకలి లేదు, దూప లేదు, పాలిచ్చే బాధ అసలే లేదు.

నిన్న మధ్యాహ్నమంతా తమరి నీడలోనే కూర్చున్నాను, తమరు చూశారు. పదకొండింటికల్లా మనుషులతో లారీ వస్తుందని, తమరిని విప్పి గడ్డి నా దొడ్లో దింపి పోతారని, దాణా కంపెనీ ప్రచారానికి నా వరిగడ్డితో తమరి బొమ్మ కట్టించిన ఏజెన్సీ బాబు మాటిచ్చాడు. పన్నెండింటికి ఫోన్ చేస్తే ‘దారిలో ఉన్నాం అన్నా’. రెండింటికి చేస్తే ‘దారిలోనే ఉన్నాం అన్నా’. ఆ దారి ఏ దేశం మీదుగా వస్తుందో అడుగుదామంటే నాలుగు దాటాక ఎత్తడం మానేశాడు. పొద్దుగూకే వేళకు వాట్సాప్‌లో ఒక ముక్క వచ్చింది. ఒప్పందం ప్రకారం గడ్డిని యజమానికి అప్పగించినట్టు రాసుకున్నారట. పక్కన బొటనవేలు ఎత్తిన బొమ్మ.

అంటే నిన్నటి నుంచి తమరు నా సొత్తు. సంతోషం. తమరిని ఏం చేసుకోవాలో కూడా ఆ వాట్సాప్‌లోనే చెప్పి ఉంటే ఇంకా సంతోషం.

తమరి పుట్టుక నాకు బాగా గుర్తు. వానకాలం కోతలైపోయి, కోత మిషన్ వెనకాలే గడ్డి కట్టలు చుట్టే మిషన్ కూడా వచ్చి పోయింది. ఏడాదికి సరిపడా గడ్డి గెట్టు మీద పేర్చుకున్నాను. అప్పుడొచ్చారు హైదరాబాద్ నుంచి ముగ్గురు. ఒకరి చేతిలో కెమెరా, ఒకరి చేతిలో టేపు, మూడో ఆయన చేతిలో మాటలు. ‘అన్నా, ఇదొక దాణా కంపెనీ ప్రచారం. ఫ్లెక్సీ లేదు, ప్లాస్టిక్ లేదు, అంతా నేచురల్. మీ పొలం, మీ గడ్డి, మీ మట్టి వాసన. జాతరకు పోయే జనమంతా మీ పొలాన్నే చూస్తరు’ అన్నాడు. మట్టి వాసన నాకు అమ్మజూపిన మొదటి మనిషి ఆయనే.

ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. జపాన్‌లో నీగాతా అనే చోట వరిగడ్డితో కట్టిన గొరిల్లా. అబ్బో, ఇల్లంత ఉంది. 2008 నుంచి అక్కడ ఏటా చేస్తారట, ఆర్ట్ కాలేజీ పిల్లలూ ఊరోళ్లూ కలిసి. కర్రల చట్రం కట్టి, దాని మీద గడ్డి అల్లి కప్పుతారు. బాగుంది, కాదనను. ఆయన చెప్పనిదల్లా ఒక్కటే. ప్లాస్టిక్ సామాను వచ్చాక ఆ ఊళ్లల్లో వరిగడ్డికి పాత అక్కర తగ్గిపోయి, మిగిలిన గడ్డితో ఏం చేద్దామా అని ఆ పని పెట్టుకున్నారు. ఇక్కడ మిగిలిన గడ్డి ఎక్కడుంది? మా దగ్గర వరిగడ్డికి నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు ఉన్న గిరాకీదారులు ఉన్నారు. పొద్దున ఒకసారి, మాపు ఒకసారి గొంతెత్తి మరీ అడుగుతారు.

ఒప్పందం కాగితంలో రెండు సంగతులున్నాయి. ఒకటి, పొలానికి అద్దె. రెండు, ప్రచారం అయ్యాక ‘గడ్డి యజమానికి తిరిగి అప్పగించబడును’. నేను సంతకం పెట్టింది ఆ రెండోదాని కోసం. జనవరి దాకా నిలబడి ప్రచారం చేసుకుంటుంది, ఫాల్గుణానికల్లా దొడ్లోకి వస్తుంది, యాసంగి కోతలయ్యేదాకా బర్రెలు గడుపుతాయి అనుకున్నాను. పశువుల డాక్టర్ చెప్పిన లెక్క కూడా రాసి పెట్టుకున్నాను. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా నీళ్లలో కరిగించి చల్లి, గాలి సొరకుండా 21 రోజులు కప్పి పెడితే ఉత్త వరిగడ్డి కూడా బలమైన మేత అవుతుంది.

ఇక తమరి తోక సంగతి.

తమరు నిలబడ్డ మొదటి వారమే మా బొల్లి బర్రె తమరి వెనక్కి వచ్చింది. ఒక పూట వాసన చూసింది. రెండో పూట తోక తిన్నది. ఎవరి తోక? మా పొలంలో పండిన గడ్డితో, మా కట్టలు విప్పి, మా గెట్టు మీద కట్టిన తోక. దాని మేత అది తిన్నది. ఏజెన్సీ వాళ్లు మాత్రం ఫొటోలు తీసుకొని పోయి, అద్దె రెండో భాగంలోంచి ‘తోక మరమ్మతు’ అని పైసలు కోసేశారు. నా బర్రె నా గడ్డి తిన్నందుకు నేను జరిమానా కట్టిన. ఈ మొత్తం వ్యవహారంలో గడ్డి తిన్నది ఎవరో చదివేవాళ్లే చెప్పాలి.

ఆ రోజు నుంచే తమరికి నల్ల రంగు వచ్చింది. ‘నేచురల్ లుక్ కోసం’ అన్నాడు ఏజెన్సీ బాబు. డబ్బా మీద రాసి ఉంది, అది ఇనుప గేట్లకు వేసే పెయింట్. దాని మీద పశువులు మూతి పెట్టకుండా ఇంకేదో చేదు మందు కొట్టారు. ఆ తర్వాత బొల్లి తమరి వైపు చూడటమే మానేసింది. పక్క నుంచి పోయేటప్పుడు ముక్కు ఎగబీల్చి తల తిప్పుకుంటుంది. 

తమరి మెడలో బోర్డు మీది మాట కూడా ఇక్కడ రాయాలి: ‘కడుపు నిండా దాణా, కుండ నిండా పాలు’. ఆ బోర్డు కిందే ఖాళీ కడుపుతో మా రెండు బర్రెలు.

జాతర రోజుల్లో తమరి వైభోగం చూడాలి. హన్మకొండ నుంచి మేడారం పోయే బస్సులు, ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు, అన్నీ తమరి ముందు నుంచే. సగం బండ్లు ఆగాయి సెల్ఫీల కోసం. ఆగినవాళ్లు గెట్టు మీద నిలబడితే ఫొటోలో తమరి కొమ్ములు రావట, అందుకే నారుమడిలో దిగారు. ఒక తాత తమరిని యముడి బండి అనుకొని దండం పెట్టి పక్కకు జరిగి పోయాడు. ఒకామె అమ్మవార్లకు తీసుకుపోయే బంగారంలోంచి ఒక ముక్క బెల్లం తమరి కాళ్ల దగ్గర పెట్టి, పసుపు చల్లి పోయింది. చీమలకు పండుగ. రాత్రి తమరి కొమ్ములకు కట్టిన ఫోకస్ లైట్లకు ఎక్కడెక్కడి పురుగులూ నా పొలానికే చుట్టాల్లా దిగాయి. దీపాలకు పురుగులు వస్తాయని దీపపు ఎరలు పెట్టే రైతును నేను, నా మడి మీద రాత్రంతా దీపం పెట్టింది తమరు. సరే, ఇవన్నీ మర్చిపోతాను. జనం రావడం తప్పు కాదు, పురుగులదీ తప్పు కాదు.

గడ్డి మాత్రం మర్చిపోను.

మొన్న విప్పుదామని తమరి ముందు కాలులోంచి ఒక గుప్పెడు గుంజి చూసిన. గడ్డిలోంచి వైరు ముక్క రాలింది. ఇంకో గుప్పెడు గుంజిన, మళ్లీ వైరే. కొడవలితో కొంచెం లోపలికి కోసి చూస్తే ఏముంది: ఇనుప చువ్వల చట్రం, దాని చుట్టూ కోళ్ల జాలీ, జాలీకి గడ్డిని బిగించిన నైలాన్ తాడు, తాడు ఆగని చోటల్లా బైండింగ్ వైరు. కోసి పారేసిన వైరు చివరలన్నీ గడ్డిలోనే కలిసి ఉన్నాయి, వేలెడంత ఒకటి, గోరంత ఒకటి. కొన్ని తుప్పు పట్టి గడ్డి రంగులోనే ఉన్నాయి. ఇదీ నేచురల్.

బాబూ, పట్నంలో దాణా అమ్మే పెద్దమనుషులారా, బర్రె ఎట్లా తింటుందో ఎప్పుడైనా చూశారా? అది మనలెక్క నమిలి, ముల్లు తగిలితే ఉమ్మదు. గడ్డిని నాలుకతో చుట్టి గబగబా మింగుతుంది, తర్వాత తీరిగ్గా నెమరేస్తుంది. గడ్డితో పాటు పోయిన వైరు ముక్క పొట్ట రెండో అరలో ఆగిపోతుంది. ఆ అర ముందు పలుచటి పొర, ఆ పొర అవతల గుండె. పొట్ట కదిలినప్పుడల్లా వైరు కొంచెం కొంచెం ముందుకు జరుగుతుంది. పైకి ఏమీ కనిపించదు. మేత తగ్గుతుంది, పాలు తగ్గుతాయి, నడుము వంచి నిలబడుతుంది. తెలిసేసరికి పని అయిపోతుంది.

దాణా కంపెనీకి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మ. పశువుల డాక్టర్లు వాళ్ల దగ్గర జీతానికి ఉంటరు. తెలిసి కూడా వైరు కలిసిన, గేటు పెయింట్ పూసిన, చేదు మందు కొట్టిన గడ్డిని ‘యజమానికి అప్పగించితిమి’ అని రాసుకున్నరంటే ఏమనాలె? అడిగితే కాగితం చూపిస్తరు. గడ్డి ఇస్తమని రాసినం, తినేటట్టు ఇస్తమని రాయలే అంటరు. మాట అట్లనే నిలబెట్టుకున్నరు, బర్రె నోట్లో మన్ను కొట్టిండ్రు.

అదే జపాన్‌లో ఇనకదాతే అని ఒక ఊరున్నది. 1993 నుంచి రంగురంగుల వరి రకాలు నాటి పొలంలోనే బొమ్మలు పండిస్తరు. 2008ల బొమ్మ కింద ఒక విమానాల కంపెనీ పేరు కూడా నాటిండ్రు. పొలం ఇచ్చిన ఆసామి అడ్డం తిరిగేసరికి ఆ పేరు ఉన్నంత మేర నారు పీకి పారేసిండ్రు. ఆ ఫొటో మాత్రం ఏజెన్సీ బాబు ఫోన్‌లో లేదు.

ఓ గడ్డి బర్రె, ఒక మాట చెప్తే కోపం తెచ్చుకోకు. నీకంటే ఫ్లెక్సీ నయం. ఫ్లెక్సీని మేం తిట్టని రోజు లేదు. పుట్టినరోజుకొకటి, పదవికొకటి, కరెంటు స్తంభానికొకటి. కానీ ఎలక్షన్లు అయిపోయినంక అది ఏడ పోతదో చూసినవా? వడ్ల కొనుగోలు సెంటర్ల కల్లం మీద ఉంటది. మబ్బు పట్టిందంటే టార్పాలిన్లు దొరకవు. అప్పుడు రెండు చేతులు జోడించిన నాయకుడే వడ్ల రాశి మీద బోర్లా పండుకొని కాపలా కాస్తడు. గెలిచినోడా ఓడినోడా అని చూడం, చుక్క దిగనియ్యకుంటే చాలు. మా మేకల కొట్టానికి ఒక పక్క గోడ మాజీ ఎమ్మెల్యేనే. ఫ్లెక్సీ నేను ప్లాస్టిక్‌నే అని చెప్పుకుంటనే వచ్చింది, ఏదో ఒక పనికి వచ్చే పోతది. నువ్వు మన్నుబిడ్డనని వచ్చినవ్, నా పశువు నోటికాడి మేత గుంజుకున్నవ్.

ఇంకో సంగతి. మా నాయన కాలంల గోడ మీద ప్రకటన రాసేటోడు వస్తే ముందు ఇంటి గోడ మొత్తానికి సున్నం కొట్టిచ్చేటోడు. తర్వాత ఎర్రమన్ను గీతలు గీసి సబ్బు పేరో విత్తనాల పేరో రాసుకునేటోడు. ప్రచారం వానిది, గోడ మాది, ఇద్దరికీ ఇంత దక్కేది. ఇప్పటికీ ఎండకాలం వచ్చిందంటే ఈ రోడ్డు మీదనే తాటాకు పరిచి ముంజలు పేర్చుకుంటరు. ఆగి కొనని బండి ఉండదు. ఆ ప్రచారానికి ఏజెన్సీ లేదు, డ్రోను లేదు, సాయంత్రానికి మిగిలిన ముంజల తొక్కలు కూడా మేకలకు పోతయి. ఇదే కదా మీరు చెప్పే నేచురల్? దీన్ని ఎవడూ ఫొటో తీసి అవార్డుకు పంపడు.

అవును, నీకు అవార్డు కూడా కావాల్నట. డ్రోన్ వీడియోలో నా పొలం పచ్చగ, నువ్వు నల్లగ, వెనక పొద్దు గూకుతుంటే సంగీతం. వీడియో ఏజెన్సీ బాబే పంపిండు, షేర్ చేయమని. చూసిన. నిజం చెప్పాలంటే బాగనే ఉన్నవ్. నీ కండ్లకు పెట్టిన ఎర్రమట్టి కుండలు పొద్దు వెలుతురుకు నిజం కండ్ల లెక్కనే మెరిసినయ్. నిన్ను అల్లింది మన ఊరి పిల్లలే, గడ్డి మెలి తిప్పుడు వాళ్లకు ఎవరూ నేర్పలే. ఆ చెవులు చూసి మా అవ్వ కూడా, ‘అచ్చం మన ముసలి బర్రె చెవులే’ అన్నది. అల్లిన పొరగాళ్ల మీద నాకు ఒక్క ముక్క కోపం లేదు. వాళ్లకు రోజు కూలి ఇచ్చిండ్రు, అదే మేలు.

గడ్డి కొందామని మొన్న ట్రాలీల కట్టలు అమ్మేటాయనకు ఫోన్ చేస్తే ఏమన్నడో విను. ‘కాకా, రోడ్డు మీద అంత పెద్ద బర్రె నిండ గడ్డి పెట్టుకొని నన్ను అడుగుతున్నవా?’ అని నవ్విండు. నవ్వి, రేటు ఇంకొంచెం పెంచి చెప్పిండు.

కనుక తమరికి, తమరి కంపెనీకి నా విన్నపం ఇది. నిన్ను కాలబెట్టుమని ఊళ్లె అందరూ సలహా ఇస్తున్నరు. కాలబెట్టను. ఆ పెయింటు పొగ మా మీదికే వస్తది, పైగా గడ్డి కాలబెట్టిన రైతు ఫొటో రేపు పేపర్ల పడతది. కంపెనీ మనుషులే రావాలె. వైరు ఒక్క ముక్క మిగలకుంట ఏరుకోవాలె. ఇనుము వాళ్లు తీసుకపోవాలె. ఎన్ని కట్టలు ఎత్తుకున్నరో అన్ని మంచి కట్టలు, పెయింటు లేనివి, కొని నా దొడ్లె దింపాలె. తోక పైసలు కూడా తిరిగి ఇయ్యాలె. అది బొల్లి పైసలు.

అందాక నీ కొమ్ముల మీది రెండు ఫోకస్ లైట్లు నేను విప్పుకున్న. దొడ్లె ఒకటి, బోరు కాడ ఒకటి పెట్టుకున్న, వెలుతురు మంచిగ వస్తున్నది. కంపెనీ అడిగితే చెప్పు: యజమానికి అప్పగించబడినవని.

ఇట్లు,
తమరి పొట్టలో ఉన్న గడ్డికి అసలు ఆసామి