కాలు తీసిన కుందేలుకి ముందు పొట్ట, తర్వాతే కుట్లు

కుందేలుకి కాలు తీసెయ్యాలని డాక్టరు చెప్పగానే ఇంట్లో అందరి నోటా వచ్చే ప్రశ్న ఒకటే: మూడు కాళ్లతో అది ఎలా గెంతుతుంది, అంత అవస్థ పెట్టడం కంటే ఇంజెక్షన్‌తో పంపించెయ్యడమే నయం కదా? అడిగేవాళ్లకి ప్రేమ లేక కాదు. కానీ భయపడాల్సిన చోటు వదిలేసి మరో చోట భయపడుతున్నాం. మిగతా కాళ్లు బాగుంటే చాలా కుందేళ్లు కొద్ది రోజుల్లోనే లేచి కదలడం తమంతట తామే నేర్చుకుంటాయి. ఆపరేషన్ సవ్యంగా జరిగాక కూడా ప్రాణం మీదికి తెచ్చేది పొట్ట. నొప్పికో భయానికో కుందేలు తిండి మానేస్తుంది. మానేస్తే పేగుల కదలిక మందగిస్తుంది, మందగించిన పేగుల్లో గ్యాస్ చేరి నొప్పి ఇంకా పెరుగుతుంది, ఆ నొప్పికి అది ఇంకా తినదు. పట్టించుకోకపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.

అందుకే మా మాట ఇది: ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందే ఇల్లు సిద్ధం కావాలి, డాక్టరుని అడగాల్సినవి అడిగెయ్యాలి. ఇంటికి పంపేటప్పుడు చేతిలో పెట్టే కాగితం చాలాసార్లు కుక్కనో పిల్లినో దృష్టిలో పెట్టుకుని రాసినదై ఉంటుంది. అందులో ఉండే మాటలు ఇవి: ముందురోజు రాత్రి నుంచి ఏమీ పెట్టకండి, మెడకి కోన్ (కుట్లు కొరక్కుండా మెడ చుట్టూ వేసే గరాటు లాంటి పట్టీ) తియ్యకండి, తినకపోతే రేపటిదాకా చూడండి. ఈ మూడూ కుందేలుకి చేటు చేసే మాటలే. కుందేలు వాంతి చేసుకోలేదు, కాబట్టి కుక్కలా దాన్ని రాత్రంతా పస్తు ఉంచాల్సిన పని లేదు. మత్తు ఇచ్చే ముందు నోట్లో తిండి మిగలకుండా కొద్దిసేపు ఆపితే చాలు.

అసలు కాలు తీసేదాకా ఎందుకు వస్తుందో కూడా తెలిసి ఉండాలి. కుందేలు ఎముకలు చాలా తేలిక. దాని అస్థిపంజరమంతా కలిపి శరీర బరువులో ఎనిమిది శాతం దగ్గరే ఉంటుంది. కాలు విరిగితే రెండు ముక్కలై ఊరుకోదు, చాలాసార్లు పెచ్చులుగా చిట్లుతుంది. దానికి ఇన్ఫెక్షన్ తోడైతే చీము టూత్‌పేస్ట్‌లా చిక్కగా గడ్డకట్టుకుపోతుంది, గాటు పెట్టినా కారిపోదు, మందు లోపలికి చేరదు. అలాంటి కాలుని నెలల తరబడి లాగడం కంటే తీసెయ్యడమే దయ. తీసేటప్పుడు చివర పొడుగు మొండి మిగల్చకుండా పైదాకా తీస్తారు, వెనక కాలైతే తొడ మధ్యలోనో తుంటి దగ్గరో, ముందు కాలైతే తరచుగా భుజం ఎముకతో సహా. సగం మిగిల్చితే కుందేలు దాన్నే నేలకి ఆనించబోయి పుండు చేసుకుంటుంది.

తొందరపడకూడని సందర్భాలూ ఉన్నాయి. మిగిలే వెనక కాలి మడమ కింద ఇప్పటికే పుండు ఉన్నా, నడుం ఎముకల్లో అరుగుదల ఉన్నా, కుందేలు బాగా లావుగా ఉన్నా ఆ మూడు కాళ్లు మొయ్యగలవా అన్నది ఎక్స్‌రే తీయించి తేల్చుకోవాలి. తీసే కాలుకే కాదు, ఉండబోయే కాళ్లకీ, వెన్నుకీ తీయించండి. ఈ సంగతి చాలామంది అడగరు.

ఇంటికి తెచ్చిన రోజు చెయ్యాల్సిన మొదటి పని తూకం. వంటింటి డిజిటల్ త్రాసు మీద ఒక గిన్నె పెట్టి రోజూ ఒకే వేళకి తూచి రాసుకోండి. కాలు పోయిన బరువు తగ్గుతుంది కాబట్టి ఆపరేషన్ తర్వాతి తూకమే ఇకపై లెక్కకి మొదలు. రెండు కిలోల కుందేలు ఆ లెక్క నుంచి వంద గ్రాములు దిగిందంటే ఫోన్ చెయ్యాల్సిన వేళ అయింది. రెండో పని పెంటికలు చూడడం. గుండ్రంగా, పెద్దగా, చితిపితే లోపల గడ్డి పీచు కనబడుతూ ఉంటే పొట్ట ఆడుతోంది. చిన్నవై, నల్లబడి, వెంట్రుకలతో దండగా గుచ్చినట్టు వస్తే మందగిస్తోంది. పది పన్నెండు గంటలపాటు తిండీ లేక పెంటికలూ లేకపోతే అది అర్ధరాత్రైనా ఎమర్జెన్సీయే.

మత్తు దిగిన కొన్ని గంటల్లోనే అది ఏదో ఒకటి కొరకాలి. మూతి దగ్గర ఎండుగడ్డి, తడి ఆరని పచ్చి ఆకులు, దానికి బాగా ఇష్టమైనది ఒకటి పెట్టి చూడండి. ముట్టకపోతే సిరంజీతో పెట్టాలి. కోలుకునే కుందేళ్ల కోసం గడ్డితో చేసిన పొడి దొరుకుతుంది, డాక్టరుని అడిగి ముందే తెచ్చి ఉంచుకోండి. ఒక వంతు పొడికి రెండు వంతుల గోరువెచ్చని నీళ్లు. అది అందకపోతే ఆ ఒక్క పూటకి రోజూ తినే పెల్లెట్లనే (కుందేలు మేత గుళికలు) నానబెట్టి మెత్తగా మిక్సీ పట్టవచ్చు. మామూలుగా కిలో బరువుకి పూటకి 10 నుంచి 15 మిల్లీలీటర్లు, రోజుకి నాలుగు పూటలు. అంటే రెండు కిలోల కుందేలుకి పూటకి 20 నుంచి 30. మీ కుందేలుకి సరైన లెక్క డాక్టరు చేత రాయించుకోండి. కలిపింది ఫ్రిజ్‌లో పెట్టినా ఒక రోజు దాటితే పారబొయ్యండి.

పెట్టే పద్ధతిలోనే పొరపాట్లు జరుగుతాయి. కుందేలుని వెల్లకిలా పడుకోబెట్టొద్దు. తువ్వాలులో చుట్టి, కుట్ల వైపు వదులుగా ఉంచి, నాలుగు వేళ్ల ఎత్తు కూడా లేవకుండా నేల మీదే కూర్చోబెట్టండి. ముందు పళ్లకీ దవడ పళ్లకీ మధ్య ఖాళీ ఉంటుంది, సిరంజీ మూతి ఆ పక్క సందులోంచి పెట్టాలి, గొంతు వైపు కాకుండా అవతలి బుగ్గ వైపు చూస్తుండాలి. ఒక్కసారికి అర మిల్లీలీటరు, మహా అయితే ఒకటి. దవడ ఆడి, మింగాకే తర్వాతది. గబగబా నొక్కితే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. గడ్డి పొడి సన్నని సిరంజీ మూతిలో ఇరుక్కుని, గట్టిగా నొక్కగానే ఒక్కసారిగా దూకుతుంది, మూతి వెడల్పుగా ఉన్న రకం కొనేది అందుకే. ఒక జాగ్రత్త: పొట్ట ఉబ్బి, ముట్టుకుంటే డప్పులా బిగుసుకుని ఉంటే సిరంజీతో ఏమీ పెట్టకండి. పేగు మూసుకుపోయి ఉండవచ్చు, నేరుగా ఆసుపత్రికే.

నీళ్లకి వేలాడే సీసా వద్దు, బరువైన పింగాణీ గిన్నె పెట్టండి. సీసా దగ్గర తల పైకెత్తి నిలబడాలి, కొత్తగా మూడు కాళ్లయిన ప్రాణికి అది కష్టం, కష్టమైతే తాగడం మానేస్తుంది. కుందేలు రోజుకి కిలోకి 50 నుంచి 150 మిల్లీలీటర్ల దాకా తాగుతుంది. పచ్చి ఆకులు తడిగా పెడితే కొంత అలా కూడా లోపలికి పోతుంది.

నొప్పి సంగతి. కుందేలు వేటాడే జంతువు కాదు, వేటకి గురయ్యే జంతువు. అందుకే నొప్పిని అరిచి చెప్పదు, దాచుకుంటుంది. మూల కూర్చుని కదలకుండా ఉంటే విశ్రాంతి తీసుకుంటోందని మురిసిపోతాం. దాని ముఖం దగ్గరగా చూడండి. కళ్లు సగం మూసి, బుగ్గలు లోపలికి చదునై, ముక్కు రంధ్రాలు కిందికి కోసుగా దిగి, మీసాలు బిగుసుకుని, చెవులు వెనక్కి మెలికపడి ఉంటే అది నొప్పి. 2012లో పరిశోధకులు ఈ ఐదు గుర్తులతోనే కుందేళ్ల నొప్పి కొలత తయారుచేశారు. వాటితోపాటు పళ్లు గట్టిగా నూరుతుంటే ఆలస్యం చెయ్యకండి.

మొదటి రెండు మూడు రోజులు బుప్రెనార్ఫిన్ లాంటి బలమైన మందు, దానితోపాటు మెలోక్సికామ్, అవసరమైతే నరాల నొప్పికి గాబాపెంటిన్ వాడుతుంటారు. కుందేలు ఒళ్లు మెలోక్సికామ్‌ని త్వరగా వదిలించుకుంటుంది, అందుకని కిలోకి ఇచ్చే మోతాదు కుక్కకిచ్చే దానికంటే ఎక్కువే ఉంటుంది. కుక్కల లెక్కతో ఇచ్చిన చుక్కలు చాలకపోవడం మామూలే. నొప్పి తగ్గలేదనిపిస్తే మొహమాటం లేకుండా డాక్టరుని అడగండి, మీరే మాత్రం పెంచకండి. మనుషుల నొప్పి మాత్రలు ఎన్నడూ వద్దు. యాంటీబయాటిక్ విషయంలో ఒక్క మాట గట్టిగా: నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్, అమాక్సిసిలిన్, క్లిండమైసిన్, లింకోమైసిన్ కుందేలు పేగుల్లోని మంచి బాక్టీరియాని చంపేస్తాయి, ప్రాణమే పోవచ్చు. చీటీలో వీటిలో ఏదైనా కనబడితే ఇచ్చే ముందు కుందేళ్లు తెలిసిన మరో డాక్టరుని అడగండి.

ఇక నేల. మాకు మాత్రం ఈ విషయంలో రాజీ లేదు. కుందేలు పాదం కింద కుక్కకున్నట్టు మెత్తని దిండు ఉండదు, వెంట్రుకలే ఉంటాయి. టైల్స్ మీదా చెక్క నేల మీదా మూడు కాళ్లతో గెంతబోయి ఒక్కసారి జారిందా, భయపడి ఇక కదలదు, లేదా నడుం పట్టేసుకుంటుంది. తీగల జాలీ అడుగున్న పంజరం అసలే పనికిరాదు. అడుగున జారని యోగా మ్యాట్, దాని మీద తడి పీల్చే పొర, పైన ఫ్లీస్ దుప్పటి, అంచులు కొరక్కుండా ఏదైనా బరువైన వస్తువు కిందికి దూర్చి బిగించండి. మొదటి పది పద్నాలుగు రోజులు, అంటే కుట్లు మానేదాకా, నాలుగడుగుల చదరం చోటు చాలు. మెట్లు, ర్యాంపులు, సోఫా ఏమీ ఉండకూడదు. మరీ ఇరుకు పెట్టినా కండలు సడలిపోతాయి, పేగులూ బద్ధకిస్తాయి.

పడిపోతున్న ప్రతిసారీ పరుగెత్తి ఎత్తకండి. ఎత్తినప్పుడల్లా అది కాళ్లు తన్నుకుంటుంది, ఆ తన్నులో వెన్ను విరగవచ్చు. మందులకీ తూకానికీ ఎత్తక తప్పనప్పుడు ఒక చెయ్యి రొమ్ము కింద, రెండోది తుంటి కింద పూర్తిగా ఆనించి, ఒంటికి హత్తుకుని పట్టుకోండి. వెనక కాలు లేని వైపు మీ అరచెయ్యి కాలి పని చెయ్యాలి, లేకపోతే ఆ పక్కకి ఒరిగి గాభరాపడుతుంది.

మలమూత్రాలకి పెట్టే లిట్టర్ ట్రే అంచు ఒక పక్క నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తుకి కోసి, కోసిన చోట గీరుకోకుండా టేపు వేయండి. అది లోపల చుట్టూ తిరిగేంత పెద్ద ట్రే కావాలి. పుండు మానేదాకా రంపపు పొట్టు వద్దు, కాగితమో తువ్వాలో పరవండి. గడ్డి ట్రే పక్కనే, నోటి ఎత్తులో, లాక్కోకుండా అందేలా ఉండాలి. ముందు కాలు పోయిన కుందేలుకి ఇది మరీ ముఖ్యం, ఒంటి ముందు కాలి మీద వంగి లాగడం దానికి కష్టం.

కుట్లని ఉదయం సాయంత్రం చూస్తే చాలు. మొదట్లో కాస్త ఎర్రగా, ఉబ్బుగా ఉండడం సహజం. తర్వాత పెరిగే వాపు, వేడి, వాసన, చెమ్మ మాత్రం ఆగదగ్గవి కావు. చీము కారదు కాబట్టి గట్టిగా తగిలే బుడిపెనే చీముగా అనుకోవాలి. కోన్ వెయ్యడాన్ని మేము ఒప్పుకోం. కుందేలు రోజూ మెత్తని పెంటికలని నేరుగా వెనక నుంచే తింటుంది, పోషకాల్లో కొన్ని దానికి అలాగే అందుతాయి, కోన్ ఆ దారి మూసేస్తుంది. కుట్లు చర్మం లోపలే వేయమని ముందే అడగండి. అయినా కొరుకుతుంటే పసిపిల్లల చొక్కా కత్తిరించి తొడగవచ్చు, అది కూడా చూస్తూ ఉన్నంతసేపే.

వెనక కాలు పోయాక మరో కష్టం ఆలస్యంగా బయటపడుతుంది. కుందేలు చెవి గోక్కునేది వెనక కాలితోనే. అది లేకపోతే ఆ పక్క చెవిలో గులిమి పేరుకుంటుంది, లేని కాలు ఊపుతూ గాల్లో గోక్కోవడం కూడా కనబడుతుంది. వారానికోసారి లోపలికి చూసి, డాక్టరు చెప్పిన ద్రావణంతో దూదితో పైపైన తుడవాలి, లోపలికి పుల్ల దూర్చకండి. జోడు కుందేలు ఉంటే ఈ పని చాలావరకు అదే నాకి చేసేస్తుంది. అందుకని, ఆసుపత్రికి వెళ్లేటప్పుడే జోడీని కూడా వెంట తీసుకెళ్లండి. వేరుపడి వచ్చిన కుందేలు మందుల వాసనకి జోడీయే దాన్ని తరమవచ్చు. కుట్లు నాకుతున్నా మీదెక్కుతున్నా మధ్యలో జాలీ అడ్డం పెట్టి పక్కపక్కనే ఉంచండి.

ఒరిగి కూర్చోవడం వల్ల లేని కాలు వైపు బొచ్చు మూత్రంతో తడుస్తుంది. రోజూ తిరగేసి కాక, కిందినుంచి చూసి, తడిసిన చోటు మాత్రం గోరువెచ్చని నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. ఒళ్లంతా స్నానం చేయించొద్దు. వేసవిలో తడిసిన బొచ్చు మీద ఈగ గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులవుతాయి, అది మళ్లీ ఎమర్జెన్సీ.

తర్వాత జీవితమంతా బరువే అసలు లెక్క. రెండు కాళ్లు పంచుకున్న భారం ఒక కాలు మోస్తోంది, పైగా కుందేలు కూర్చునేది మడమ మీద. ఎండుగడ్డి ఎంతైనా పెట్టండి, పెల్లెట్లు రోజుకి కిలోకి 25 గ్రాములు దాటనీయకండి. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి గోళ్లు కత్తిరించండి, గోరు పెరిగితే పాదం వెనక్కి వాలి భారమంతా మడమ మీద పడుతుంది. వారానికోసారి మిగిలిన పాదం అడుగున వెంట్రుకలు వేలితో విడదీసి చూడండి. వెంట్రుకలు రాలి గులాబీ రంగు చర్మం కనబడగానే పరుపు మరింత మెత్తన చేసి డాక్టరుకి చూపించాలి. ఎర్రబడి పైపొర చిట్లేదాకా ఆగితే కింద ఉన్న ఎముకకి అందడానికి ఎక్కువ దూరం లేదు.