కత్తెర ఎవరి చేతిలో ఉండాల? మామకూ మేనకోడలికీ వాదం

అంగట్లో రెండొందల యాభైకి గౌను దొరుకుతుంటే ఇంట్లో మిషన్ ముందర కూర్చుని కుట్టడం దేనికి? ఈ ప్రశ్న మీద ఇద్దరు వాదించుకుంటున్నారు. ఒకరు అనంతపురం పాతూరులో కొట్టు నడిపే టైలరు. రెండోవారు ఆయన మేనకోడలు, ఇద్దరు పిల్లల తల్లి, తనకూ పిల్లలకూ బట్టలూ సంచులూ ఇంట్లోనే కుట్టుకుంటోంది. రాస్తున్న నాకు మేనకోడలి మాటే నచ్చింది. అయినా మామ వాదం తేలిగ్గా తీసిపారేసేది కాదు, అందుకే మొదటి మాట ఆయనది.

మామ: మిషన్ కొన్నావంట కదమ్మీ. సంతోషమే. కానీ లెక్క చెప్తా, విను. ఐదేండ్ల పాప గౌనుకు మీటరున్నర గుడ్డ కావాల. మంచి కాటన్ మీటరు 150 వేసుకో, 225 అయ్యె. అస్తరు, జిప్పు, దారం కలిపితే మూడొందలకు తక్కువ కాదు. సుభాష్ రోడ్డుకు పోతే అదే సైజు గౌను 250కి తగిలించి ఉంటారు. ఆ మీద నీ మధ్యాహ్నమంతా దానికే పాయె. ఆ కూలి ఎవరిస్తారు నీకు?

మేనకోడలు: డబ్బు మిగుల్తుందని నేను అననే అనను మామా. ఆ లెక్కలో నువ్వే గెలిచినావు. నా మాట వేరే. ఆ 250 గౌనును ఎప్పుడన్నా తిరగేసి చూసినావా? కుట్టుకు ఆవల గుడ్డ ఎంత వదిలినారు? ఎక్కువలో ఎక్కువ ఒక సెంటీమీటరు. అంచు పోగులూడకుండా దారం చుట్టే ఓవర్‌లాక్ మిషన్ మిగతా గుడ్డను కోసుకుంటూనే పోయింటుంది. ఆ వయసు పిల్ల ఏడాదికి రెండంగుళాలు, రెండున్నర దాకా పెరుగుతుంది. వచ్చే ఉగాదికి కుట్టు విప్పి పెద్దది చేసుకుందామంటే దాంట్లో ఏముంది విప్పడానికి?

మామ: వాళ్లు కావాలని చేసే మోసం కాదమ్మీ అది. తాన్లు తాన్లు పొరలు పొరలుగా పరిచి, కరెంటు కత్తితో ఒకేసారి కోస్తారు. ముక్కకు అంగుళం ఎక్కువ వదిలితే వేల గౌన్లకు ఎంత గుడ్డ పోతుందో ఆలోచించు. మన రాయదుర్గం జీన్స్ పని చూడు. ఒకరు జేబే కుడతారు, ఒకరు జిప్పే వేస్తారు, ఒకరు నడుంపట్టీనే. పొద్దున్నుంచి మాపుదాకా అదే పని. అందుకే ఆ వేగం, అందుకే ఆ ధర. పాప కాలు మడతేసి కూర్చుంటే చిరగని కుట్టు వాళ్లది. నీ ఇంటి మిషన్ మీద నాలుగు మడతల జీన్ గుడ్డ పెట్టు చూద్దాం. 14 నెంబరు సూది టక్కున ఇరుగుతుంది.

మేనకోడలు: జీన్స్ నేను కుట్టను, కొంటాను. దాంట్లో పేచీ లేదు. వేల గౌన్లకు నష్టమైన అంగుళం నా ఒక్క గౌనుకు లాభం, అదే నేను చెప్పేది. జేజి పట్టుపావడ కుట్టించే తీరు నీకు నాకంటే బాగా తెలుసు. ధర్మవరం చీర ఒకటి పాతబడితే, జరీ అంచు కిందికొచ్చేటట్ల పావడ కోసేవాళ్లు. అంచుకు పైన అడ్డంగా రెండు మూడు మడతలేసి పట్టేవాళ్లు. అంగుళం లోతు మడత విప్పితే పావడ రెండంగుళాలు దిగుతుంది. అంటే ఒక మడత ఒక ఏడాది. మూడు మడతలుంటే మూడు ఉగాదులు. చూసేవాళ్లకేమో అది అలంకారం. పక్క కుట్లలో ముందూ వెనకా, రెండు పక్కలా అంగుళం వదిలి, అవసరమైనప్పుడు నాలుగు చోట్లా అర అంగుళం విప్పినామంటే ఎద చుట్టుకొలత రెండంగుళాలు పెరుగుతుంది. పిల్ల ఎదిగేకొద్దీ బట్ట కూడా ఎదుగుతుంది. ఇది ఏ అంగట్లోనూ తగిలించి ఉండదు.

మామ: మడతల సంగతి నాకు చెప్తావా! మీ అమ్మ పావడకు ఆ మడతలు వేసింది నేనే. సరే, ఎదుగుతుంది. కానీ ఈ కాలం పిల్లలు ఒక గౌను మూడేండ్లు వేసుకుంటారా? బళ్లో పక్కపిల్ల కొత్తది వేసుకొస్తే నీ పాప ఏడుస్తుంది.

మేనకోడలు: నా పాప ఏడ్చింది జేబు కోసం. కొన్న గౌన్లలో ఒక్కదానికన్నా సరైన జేబు ఉందా? వాళ్ల అన్న నిక్కరుకు రెండు పక్కలా ఉన్నాయి, వేరుశనక్కాయలు పోసుకుని తిరుగుతాడు. పాపకు చేతిలో పట్టుకోవాల. నేను కుట్టిన ప్రతి గౌనుకూ పక్క కుట్టులో లోతైన జేబు పెట్టినా. ఆ జేబులో సుద్దముక్కలూ చింతపిక్కలూ ఉంటాయి. ఇప్పుడు కొన్న గౌను ఇస్తే మొదట చెయ్యి పెట్టి చూసేది పక్క కుట్టులోనే.

(ఇక్కడ మామ నవ్వలేదు, కాదనలేదు. ఆడపిల్లల బట్టకు జేబు ఎందుకు పెట్టరనే ప్రశ్నకు ఆయన దగ్గరే కాదు, నేనడిగిన ఏ కొట్టువాళ్ల దగ్గరా జవాబు లేదు. గుడ్డ పొదుపు అంటారు. మగపిల్లల నిక్కర్ల దగ్గర ఆ పొదుపు గుర్తుకురాదు.)

మామ: గుడ్డ ఎంచుకోవడం రావాల గదమ్మీ ముందు. కాటన్ అని చెప్పి పాలిస్టర్ కలిపింది అంటగడతారు. అసలైన కాటనేమో ఉతికినాక కుదించుకుంటుంది. కొత్తగా కుట్టేవాళ్లు కొన్న గుడ్డను నేరుగా కోసేస్తారు. నానబెట్టరు. అస్తరు ఒక దారి, పైగుడ్డ ఒక దారి, మొదటి ఉతుకుతోనే గౌను ముడతలు పడి కూర్చుంటుంది.

మేనకోడలు: నిజమే. కొత్త కాటన్ మీటరుకు అంగుళం, అంగుళంన్నర దాకా పోవచ్చు. అస్తరూ పైగుడ్డా రెండూ రాత్రి నానేసి, నీడన ఆరబెట్టి, ఇస్త్రీ చేసినాకే కత్తెర పెట్టేది. అనుమానమొస్తే ఒక పోగు లాగి కాలుస్తా. కాటన్ అయితే కాగితం కాలిన వాసనొచ్చి బూడిద రాలుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి ముద్దవుతుంది. మన ఊరి ఎండలకు ఇది చిన్న విషయం కాదు మామా. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటుతుంది. పుట్టినరోజని నైలాన్ నెట్ గౌను తొడిగి, నడుం దగ్గర పట్టీ బిగించి, పిల్ల మెడనిండా చెమటకాయలు తెప్పిస్తారు. ఆ గౌనుతోనే కొవ్వొత్తి ముందర నిలబెడతారు. నెట్ అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది, దీపావళి రోజు మరీ భయం. మెడ దగ్గర తాళ్లు వేలాడే బట్టలు కూడా అంతే. ఐరోపాలో ఏడేండ్లలోపు పిల్లల బట్టలకు మెడ దగ్గర లాగి కట్టే తాళ్లు ఉండకూడదని ప్రమాణమే పెట్టుకున్నారు, ఎక్కడన్నా తగులుకుని ఊపిరాడకుండా పోతుందని. నేను కుట్టే బట్టలకు మెడ దగ్గర తాడు లేదు, గుచ్చుకునే లేసు లేదు. చంటిపిల్లకైతే గుండీ కూడా లేదు, బొందు పక్కకొస్తుంది.

మామ: చంటిపిల్లల సంగతి నేనేమీ అనను. పురిట్లో బిడ్డకు పాత చీరగుడ్డ జుబ్బాలే మేలు. అవి ఏ తల్లైనా చేత్తోనే కుట్టుకోవచ్చు. కానీ దాన్ని దాటి పోతున్నారు మీరు. వీడియో చూసి కుట్టేదీ, అమ్మలక్కలకు చూపించేదీ. ఇట్ల అందరూ ఇంట్లోనే కుడితే మా కొట్లేం కావాల? బడులు తెరిచే జూన్ నెలలో వచ్చే డబ్బుతోనే మాకు ఏడాదంతా అద్దెలు గడిచేది.

మేనకోడలు: మామా, అడుగుతా, ఉన్నమాట చెప్పు. చిన్నపిల్ల గౌను కుట్టమని ఎవరన్నా వస్తే నువ్వు తీసుకుంటావా?

మామ: ...తీసుకోను. జాకెట్‌కు ఎంత పనో దానికీ అంతే పని. కూలి సగం కూడా ఇయ్యరు.

మేనకోడలు: పిల్లోని నిక్కరు పొట్టిగా ఉంది, విప్పమంటే?

మామ: ఆల్టరేషన్ అంటే తిప్పిపంపుతా. విప్పేదానికే గంట పడుతుంది.

మేనకోడలు: మరి నీ బేరం నేనెక్కడ తీసుకుంటున్నా? నువ్వు వద్దన్న పనే నేను చేసుకుంటున్నా. బడి గుడ్డ సంగతీ అంతే. 2020లో సర్కారు బళ్లలో కిట్లు మొదలైనప్పటి నుంచి పిల్లోనికి మూడు జతల గుడ్డ ఇస్తున్నారు, కుట్టుకూలి తల్లి ఖాతాలో వేస్తామన్నారు. జూన్‌లో కొట్లన్నీ నిండిపోయి, బడి తెరిచి వారాలు గడిచినా పిల్లలు రంగు బట్టల్లోనే పోతుంటారు. నేను కుట్టుకుంటే నీ వరసలో ఒకరు తగ్గుతారు, అంతే కదా.

మామ: నువ్వొక్కదానివి తగ్గితే ఏమీ కాదు. వీధంతా తగ్గితే తెలుస్తుంది. సరే, అది పక్కన పెట్టు. నా అసలు మాట ఇంకా చెప్పలే. మీ అమ్మ పెండ్లికి మిషన్ ఇచ్చినాం. ఏమయింది? మొదట మీకు కుట్టింది. తర్వాత ఆడబిడ్డల జాకెట్లు, తోడికోడలి పిల్లలకు బడి బట్టలు, పక్కింటోళ్ల చీరల ఫాల్సు, పండగొస్తే రాత్రి రెండు దాకా కాలు ఆడిచ్చేది. "ఊరికే ఇంట్లో ఉంటావు గదా, కుట్టియ్యి" అన్నోళ్లే అందరూ. ఒక్కరు రూపాయి ఇచ్చింది లేదు. నడుం నొప్పికి మందులు మేమే కొనిచ్చినాం. నేను కుడితే వృత్తి, ఆమె కుడితే ఇంటిపని. ఇప్పుడు నువ్వూ మిషన్ తెచ్చుకున్నావు. నాకు భయం కాదా?

మేనకోడలు: ఈ ఒక్క మాటకు నా దగ్గర తొందరపడి చెప్పే జవాబు లేదు. అమ్మ రాత్రిళ్లు నాకూ గుర్తుంది. ఆ చప్పుడుకే నిద్రపోయేవాళ్లం. అందుకే ఒక గీత గీసుకున్నా. నాకూ నా పిల్లలకే. ఎవరన్నా జాకెట్ పట్టుకొస్తే నీ కొట్టు రేటు చెప్తా, కాదంటే నీ కొట్టు దారి చూపిస్తా. రాత్రి అన్నాలయినాక మిషన్ మూసిపెడతా. తొమ్మిదేండ్ల మా పిల్లోనికి గుండీ కుట్టడం, జారిన అంచు ఎత్తికుట్టడం వచ్చు. వాళ్ల నాయన కూడా ఆదివారం కూర్చుని నీళ్లసీసా సంచీ కుట్టినాడు. ఇది నాకొక్కదానికే అంటగట్టిన పని అయిననాడు మిషన్ అమ్మేస్తా, నీ ముందరే చెప్తున్నా.

మామ: నోటితో చెప్పడం తేలిక. చుట్టాల ముందర నిలబెట్టుకోవాల కదా.

మేనకోడలు: మొన్న చిన్నత్తకు చెప్పినా. ఆమె మొహం మాడ్చుకుంది. నేను మాట మార్చలే.

మామ: అయితే సరే... గాంధీ మహాత్ముడు కూడా మిషన్లంటే పడకపోయినా కుట్టుమిషన్‌ను మాత్రం ఒప్పుకున్నాడంటారు.

మేనకోడలు: 1924లో అన్నాడు. సింగర్ తన భార్య చేత్తో కుట్టి కుట్టి అలిసిపోవడం చూసి ప్రేమతో ఆ మిషన్ చేసినాడని చెప్పినాడు.

మామ: ఆ మిషన్లు చేసేదానికి ఫ్యాక్టరీ అక్కర లేదా అని అడిగితే ఉండాల్సిందే అని కూడా ఆయనే అన్నాడు. మరిచిపోవద్దు. ఫ్యాక్టరీని తిట్టినంత మాత్రాన నీ మిషను ఆకాశం నుంచి ఊడిపడలే.

మేనకోడలు: నేను ఫ్యాక్టరీని తిట్టలేదే. హిందూపురం దిక్కు గార్మెంట్లకు పోయే ఆడపిల్లల కూలి పెరిగితే నాకంటే సంతోషపడేవాళ్లు ఉండరు. వాళ్లు కుట్టిన అంగి ఎంత కష్టమో మిషన్ ముందర కూర్చున్నాకే నాకు తెలిసింది. కాలరొక్కటి సరిగ్గా తిరగెయ్యడానికే చెయ్యి నొప్పిపుట్టింది. ఆ తర్వాత నుంచి అంగి కొంటే కుట్టు ఊడిందని పారెయ్యను, ఊడినచోట కుట్టుకుంటా.

మామ: చివరిమాట. పిల్లల గౌన్లు, సంచులు, దిండు గలీబులు, బొంతలు, ఏమన్నా కుట్టుకో. జాకెట్ మాత్రం వద్దు. జాకెట్ అంటే భుజం జారుడు, చంక లోతు, ఎద దగ్గర ఆకారం కోసం మడిచి కుట్టే డాట్లు, అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. పాదంగుళం తప్పితే చంకలో పట్టేస్తుంది. క్రాస్ కటింగ్ అయితే గుడ్డను ఏటవాలుగా పరిచి కోయాల, అది సాగుతుంది, చెయ్యి కుదురుగా లేకుంటే వంకరపోతుంది. 80 సెంటీమీటర్ల ముక్క చెడితే ఆ చీర రంగు మళ్లీ దొరకదు.

మేనకోడలు: మామా, నీ కొట్లో జాకెట్ కుట్టించుకోవాలంటే ఏమిస్తాం? కొలతకని ఆది జాకెట్. నా ఆది ఎప్పటిది? పెండ్లినాటిది. ఆ తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టినారు. భుజాలు మారినాయి, ఎద మారింది, పాలిచ్చే రోజుల్లో పూటకొక కొలత. కొట్లో నిలబడి నలుగురి ముందర "ఇక్కడ వదులు, ఇక్కడ బిగువు" అని చెప్పుకోలేక ఆ పాత ఆదే ఇచ్చి వస్తాం. నువ్వు దాని ప్రకారం సరిగ్గానే కోస్తావు. నీ తప్పు లేదు. కానీ పదేండ్ల కిందటి నా ఒంటికి కుట్టిన జాకెట్ ఇప్పుడు వేసుకుంటూ, ఊపిరి బిగబట్టి పెండ్లిళ్లకు పోతున్నా. అద్దం ముందర తలుపేసుకుని టేపు పట్టుకుంటే నా ఒళ్లు ఇప్పుడెట్లుందో దానికే కుట్టుకోగలను. నా ఒక్కదాని కోసం కుట్టుకునేది ఏమన్నా ఉందంటే ఇదే మామా.

మామ: ...ఆది సంగతి నిజమే. నేనూ అడగలేను, ఆడోళ్లూ చెప్పలేరు. మీ అత్త చేతికి టేపు ఇచ్చి కొట్లో కూర్చోబెట్టమని ఎప్పుడో అనుకున్నా, చెయ్యలే.

మేనకోడలు: కూర్చోబెట్టు. నేను కుట్టుకున్నా వీధిలో మిగతావాళ్లు నీ కొట్టుకే వస్తారు.

మామ: ముందు పాత చీరగుడ్డలో కొయ్యి. ఎద కొలత మీద రెండంగుళాల వదులు వేసుకో. చంక ఒకేసారి లోతుగా కోయొద్దు, తక్కువ కోసి తొడిగి చూసి మళ్లీ కోసుకోవచ్చు, ఎక్కువ కోస్తే అతికించలేవు. పక్కన అంగుళంన్నర మార్జిన్. కుట్టినాక తీసుకొనిరా, చూస్తా.

మేనకోడలు: తెస్తా. కానీ తప్పు ఎక్కడుందో వేలితో చూపించు చాలు. విప్పేది నేనే.