ఆ 'పది తప్పులు' మెసేజ్ ఇక నాకు పంపొద్దు

"ఈ పది ఇంగ్లీష్ తప్పులు చేసేవాళ్లకి ఉద్యోగాలివ్వొద్దు, వాళ్లకి బుర్ర లేనట్టే" అని ఒక మెసేజ్ మూడు వారాల్నుంచి తిరగతా ఉండాది. నెల్లూరులో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండుసార్లు, నిన్న మళ్లీ కావలి నుంచి మా బామ్మర్ది. ఎవరూ చదివి పంపడంలా.

ప్రీపోన్ అనే మాటే లేదంట. ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలో ఉంది, తీసి చూడండి. రియలైజ్‌లో జెడ్ పెడితే అమెరికా తప్పంట, ఆ ఆక్స్‌ఫర్డ్ వాళ్లే జెడ్‌తో రాస్తారు. న్యూస్ అంటే నాలుగు దిక్కుల పేర్లంట, ఉత్త కట్టుకథ. స్పెల్లింగులో ఐ ముందు, ఈ తర్వాత, వాటికి ముందు సీ వస్తే తిరగబడాలంట, మరి సైన్స్‌లో సీ పక్కన ఐయే గదబ్బా ఉండేది?

నాకు మండేది ఆ బుర్ర మాట. అప్పుని ఇంగ్లీషులో డెట్ అంటాం, మధ్యలో పలకని బీ ఒకటి. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు ఆ బీ లేదు, లాటిన్‌లో డెబిటమ్ ఉందిగదా అని పండితులు తర్వాత ఇరికించారు. ఐలాండ్‌లో ఎస్ ఇంకా అన్యాయం, దాని పుట్టుకకి లాటిన్‌తో సంబంధమే లేదు, దీవికే ఉన్న ఐల్ అనే వేరే మాటలో ఎస్ చూసి తగిలించారు. 1476లో కాక్స్‌టన్ ఇంగ్లండులో అచ్చు మొదలుపెట్టినాక రాత మెల్లగా గట్టిపడింది, నోరు మాత్రం మారతానే పోయింది, అందుకే నైట్‌లో ఒకప్పుడు పలికిన జీహెచ్ ఇప్పటికీ మోస్తుండాం. పండితుల పొరపాటు స్పెల్లింగ్ అయింది, తెలుగు మీడియం పిల్ల పొరపాటు చేస్తే బుర్ర లేనట్టా?

పోయిన వారం మూడో ఫ్లోర్ పాప తాళాలు పోగొట్టుకోని మెట్ల మీద కూచోని, 'కీస్ లూజ్ అయినాయి, ఎవరైనా చూశారా' అని గ్రూపులో ఇంగ్లీషులో పెట్టింది, లూజ్‌లో రెండు ఓలు. దానికింద ఒకాయన ఈ మెసేజ్ అతికించాడు, నలుగురు నవ్వే బొమ్మలు పెట్టారు, తాళాలు దొరికినాయా అని ఒక్కరూ అడగలా. పాప మెసేజ్ డిలీట్ చేసేసింది.

ఆ మెసేజ్‌లో లూజ్ పాయింటు కరెక్టే, ఒప్పుకుంటా. పోగొట్టుకోడానికి ఒక ఓ, వదులుకి రెండు, ఇంగ్లీషువాళ్లు పలకడం కూడా వేరుగానే పలుకుతారు. మనకి ప్యాంటు లూజు, స్క్రూ లూజు, అన్నీ లూజే, చెవికి తెలీని తేడా చేతికెట్టా వస్తది? నేనూ చాన్నాళ్లు రెండు ఓలే రాశా, ఆఫీసులో ఒకమ్మాయి పక్కకి పిలిచి చెప్పిందాకా.

మూడో ఫ్లోర్ పాపకి నేనూ విడిగానే చెప్పా, ఒక ఓ తీసెయ్యమ్మా అని. తాళాలు దొరికినాయా అని అడిగినాకే.