మూసిన గేటును చుట్టివెళ్లమంటున్న సందేశానికి జవాబు

గత మూడు వారాలలో ఒకే సందేశం నాకు ఏడుసార్లు వచ్చింది. శాక్రమెంటో చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లం జీపులు, టకోమా పికప్‌లు వేసుకుని కొండలకు వెళ్లడానికి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో మూడుసార్లు, బే ఏరియా మిత్రుల నుంచి మరో మూడుసార్లు, ఆఖరికి హైదరాబాదులో ఉన్న మా బావమరిది నుంచి ఒకసారి. "ఆఫ్‌రోడ్ సోదరులారా, మేల్కొనండి" అని మొదలై "పదిమందికి పంపండి" అని ముగిసే ఆ సందేశంలో ఐదు అంశాలున్నాయి. పబ్లిక్ ల్యాండ్, అంటే ప్రభుత్వ భూమి, మన పన్నులతో నడుస్తుంది కాబట్టి మనల్ని ఆపే హక్కు ఎవరికీ లేదట. యూటాలో మోయాబ్ దగ్గర దారులన్నీ మూసేశారు, రేపు మన వంతేనట. దారుల ప్రణాళికల మీద ప్రభుత్వానికి అభిప్రాయాలు రాసి పంపడం దండగట. గేటు మూసి ఉంటే యాభై బండ్లు కలిసి పక్కనుంచి వెళ్లాలట, దారి పడ్డాక వాళ్లే దాన్ని ఒప్పుకోక తప్పదట. క్లబ్బులు ఉన్నది చందాలు వసూలు చేసి పిక్నిక్కులు పెట్టుకోవడానికేనట. పంపినవారిలో చాలామంది నాతో కలిసి రాళ్లెక్కినవారు, నా బండి ఇరుక్కుపోయిన రోజున దాన్ని బయటికి లాగే వించ్ తాడు పట్టుకుని చీకటి పడేదాకా నిలబడినవారు. అటువంటివారు ఆ నాలుగో అంశాన్ని చదివి కూడా ముందుకు పంపారంటే నాకు ఊరుకోవడం సాధ్యం కాలేదు.

సందేశంతో పాటు తిరుగుతున్న "రూబికాన్ మూసివేత" ఫొటోతో ఎక్కువ పని లేదు. రూబికాన్ అంటే కాలిఫోర్నియాలో పేరున్న జీపు దారి. ఆ బోర్డు ట్రెయిల్‌ది కాదు, దారి పక్కన మొక్కలు కోలుకోవడానికి కంచె వేసిన స్థలానిది. రూబికాన్‌ను ఎల్ డొరాడో కౌంటీ 1887లోనే ప్రజా రహదారిగా ప్రకటించింది, అది ఈనాటికీ కౌంటీ దారే.

పన్నుల మాటకు వస్తే, ప్రభుత్వ భూములను చూసే రెండు ఫెడరల్ శాఖలలో బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చేతిలో దాదాపు 24.5 కోట్ల ఎకరాలు, ఫారెస్ట్ సర్వీస్ చేతిలో దాదాపు 19.3 కోట్ల ఎకరాలు ఉన్నాయి. వాటికి పన్ను కట్టేవారిలో మనతో పాటు నడిచి వెళ్లేవారు, వేటకు వెళ్లేవారు, పశువులు మేపుకునేవారు, ఎన్నడూ అటు వెళ్లనివారు కూడా ఉన్నారు. ఆపే హక్కు ఎవరికీ లేదనడం 50 ఏళ్లకు పైగా ఉన్న నిబంధనలను చూడకపోవడమే. 1972 ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ ఇచ్చిన 11644వ ఉత్తర్వు, ఏ దారిలో బండి వెళ్లవచ్చో ఏ దారిలో వెళ్లకూడదో నిర్ణయించమని ఆ శాఖలను ఆదేశించింది. మట్టికి, నీటికి, మొక్కలకు, జంతువులకు, ఇతర సందర్శకులకు కలిగే ఇబ్బంది వీలైనంత తగ్గేలా దారులను ఎంచమన్నది. 2005లో ఫారెస్ట్ సర్వీస్ తెచ్చిన నియమంతో జాతీయ అడవులలో ఇష్టమొచ్చిన వైపు బండి తిప్పే రోజులు పోయాయి. పటంలో చూపించిన దారే తెరిచిన దారి, చూపించనిది మూసిన దారి. ఆ పటం ఉచితంగా దొరుకుతుంది. బండి ఎత్తు పెంచే లిఫ్ట్ వేయించి, 35 అంగుళాల టైర్లు బిగించి, బంపర్లు మార్చుకున్నవారికి ఆ పటం ఫోనులోకి దించుకునే తీరిక లేదంటే నేను నమ్మలేను.

రెండో అంశం సగమే నిజం. మోయాబ్ పక్కన లాబిరింత్ కాన్యన్, జెమినై బ్రిడ్జెస్ ప్రాంతంలో 2023 సెప్టెంబరులో బ్యూరో 317 మైళ్ల దారులను మూసివేసిన మాట వాస్తవమే. అదే నిర్ణయంలో 800 మైళ్లకు పైగా దారులు తెరిచి ఉంచారన్న సంగతిని సందేశం దాచింది. అయినా ఇక్కడ సందేశం రాసిన వ్యక్తి కోపంలో న్యాయం లేదని నేను అనను. మూసిన వాటిలో హే జో కాన్యన్ ఒకటి. గ్రీన్ నది ఒడ్డునే పొదలు రెండు వైపులా తలుపులను గీరుతుండగా నేను ఆ దారిలో వెళ్లాను, అక్కడ నేను చేసిన నష్టమేమిటో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. ఒకసారి మూసిన దారి మళ్లీ తెరుచుకోవడం అరుదు, ఆ భయమూ నిజమైనదే. అయితే ఈ కథ 2023లో మొదలు కాలేదు. 2008 నాటి దారుల ప్రణాళికల మీద పర్యావరణ సంఘాలు కోర్టుకు వెళ్లాయి, 2017లో ఒప్పందం కుదిరింది, ఆ ఒప్పందం ప్రకారమే యూటాలో ఒక్కో ప్రాంతానికి కొత్త ప్రణాళిక వస్తున్నది. ఆ కేసులో ఆఫ్‌రోడ్ సంఘాలు కూడా పక్షంగా చేరి, ఒప్పందంలో భాగమయ్యాయి. వాళ్లకు ఆ బల్ల దగ్గర కుర్చీ దొరికింది సంఘంగా ఏర్పడినందువల్లనే, 1987లో ఐడహోలో ఆఫ్‌రోడ్ దారుల కోసం పోరాడే బ్లూరిబ్బన్ కోయలిషన్ వంటి సంస్థను పెట్టి దశాబ్దాల పాటు నడిపినందువల్లనే.

అభిప్రాయాలు రాయడం దండగన్న మాటలో ఒక అపార్థం ఉంది. అది ఓటింగు కాదు. "నాకు ఆఫ్‌రోడింగ్ అంటే ఇష్టం, దారులు మూయకండి" అని పదివేల మంది ఒకే ఉత్తరాన్ని పంపితే, అధికారులు దాన్ని ఒకే అభిప్రాయంగా చూసి ఒకే జవాబు రాస్తారు. దానికి బదులు, ఫలానా నంబరు దారి చివర మూడు బండ్లు పట్టే చదును ఉందని, అది వాగుకు దూరంగా గట్టి రాతినేల మీద ఉందని, గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నగారు మోకాళ్ల నొప్పితో నాలుగడుగులు వేయలేకపోయినా బండిలో అక్కడిదాకా వెళ్లి సూర్యాస్తమయం చూశారని, తేదీతో, ఫొటోతో, జీపీఎస్ ట్రాక్‌తో రాస్తే దానికి వాళ్లు విడిగా సమాధానం చెప్పవలసి వస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఫారెస్ట్ సర్వీస్ ముసాయిదా నిర్ణయం మీద అధికారికంగా అభ్యంతరం చెప్పే హక్కు, సాధారణంగా గడువులోగా నిర్దిష్టమైన అభిప్రాయం రాసి పంపినవారికే ఉంటుంది. రాయవద్దని ఊరంతా చాటడమంటే రేపటి అభ్యంతరానికి ఈరోజే తలుపు మూసుకోవడం.

ఇక నాలుగో అంశం. తొక్కిన దారే రోడ్డవుతుందన్న నమ్మకం గాలిలోంచి పుట్టలేదని ముందుగా ఒప్పుకుంటాను. 1866 నాటి గనుల చట్టంలోని ఒక్క వాక్యం, వేరే అవసరాలకు కేటాయించని ప్రభుత్వ భూమి మీదుగా రహదారులు వేసుకునే హక్కునిచ్చింది. పశ్చిమ రాష్ట్రాలలో చాలాచోట్ల జనం ఏళ్ల తరబడి వాడితే చాలు, ఆ దారి రహదారి అయ్యేది. మన ఊళ్లలో ఎడ్లబండ్లు తిరిగి తిరిగి పడిన డొంక ఊరందరిదీ అయినట్టే. కాని ఆ నిబంధనను 1976 అక్టోబరులో రద్దు చేశారు. అప్పటికే ఏర్పడిన హక్కులను మాత్రం మిగిల్చారు, వాటిని నిలబెట్టుకోవడానికి యూటా రాష్ట్రమూ అక్కడి కౌంటీలూ పాత పటాలు, పాత సాక్షులతో కోర్టులకెక్కాయి. పోయిన శనివారం మీ టైర్లు వేసిన గీతకు ఆ చట్టంలో చోటు లేదు.

చోటు లేకపోవడంతో ఆగితే బాగుండేది. 1977లో అధ్యక్షుడు కార్టర్ ఇచ్చిన 11989వ ఉత్తర్వు ప్రకారం, బండ్ల వల్ల నేలకు, మొక్కలకు, జంతువులకు గణనీయమైన హాని జరుగుతోందని అధికారి తేలిస్తే ఆ ప్రాంతాన్ని వెంటనే ఆ రకం బండ్లకు మూసివేయాలి. గేటు పక్కన మీరు వేసిన కొత్త దారి అధికారి చేతికి మీరే అందించిన సాక్ష్యం. దాన్ని ఫొటో తీసి కోర్టులో పెట్టడానికి ఎదుటిపక్షం న్యాయవాది ఎక్కువ కష్టపడనక్కరలేదు. యాభై బండ్లు కలిసి వెళ్తే నంబరు ప్లేట్లతో సహా యాభై సాక్ష్యాలు. ఆ తరువాత మూసుకునేది మీరు తొక్కిన గీత ఒక్కటే కాదు, దాని పక్కన చట్టబద్ధంగా తెరిచి ఉన్న దారి కూడా. కూర్చున్న కొమ్మను నరుక్కునేవాణ్ణి చూశాం గాని, పదిమందినీ పిలిచి గొడ్డళ్లు పంచేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను.

రెండేళ్ల క్రితం జులైలో సియర్రా కొండల్లో ఒక పచ్చిక మైదానం దగ్గర మా క్లబ్బు పనిదినం పెట్టింది. మంచు కరిగే రోజులలో ఎవరో బురద తప్పించుకోవాలని దారి వదిలి మైదానంలోకి దిగారు, వెనక వచ్చినవారు ఆ జాడనే పట్టుకున్నారు. మేం వెళ్లేసరికి మోచేతి లోతున రెండు గాడులు పడి ఉన్నాయి. మైదానమంతా పలచగా పరచుకుని నేలలోకి ఇంకవలసిన నీరు ఆ గాడుల్లో పడి కాలువలా కిందికి పారిపోతున్నది. గాడికి అటువైపు గడ్డి పచ్చగా ఉంది, ఇటువైపు అప్పటికే పసుపు రంగుకు తిరిగింది. పద్దెనిమిది మందిమి ఆరు గంటల పాటు పారలతో, గునపాలతో గట్లు తవ్వి గాడులు పూడ్చి, దుంగలు అడ్డం వేసి, గాడులు మొదలయ్యే చోట నలుగురు కలిసి దొర్లిస్తేగాని కదలని రాళ్లు పెట్టాం. ఆ గాడులు వేయడానికి మొదటి బండికి పట్టినది రెండు నిమిషాలు. యూటాలో నేల ఇంకా సున్నితం. అక్కడ ఇసుక మీద నల్లగా పొక్కులు పొక్కులుగా కనిపించే పొర ప్రాణమున్న పొర. అదే ఇసుకను గాలికి కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతుంది, టైరు కింద నలిగితే కోలుకోవడానికి దశాబ్దాలు పట్టవచ్చు.

క్లబ్బుల మీద వేసిన నిందకు రూబికాన్ చరిత్రే సమాధానం. 1953లో తొలి జీపర్స్ జాంబోరీ అనే జీపుల సామూహిక యాత్ర నడిచిన ఆ దారి, యాభై ఏళ్లు తిరిగేసరికి సొంత అభిమానుల చేతిలోనే పాడైపోయింది. 2004లో ఆ దారిలోని స్పైడర్ లేక్ ప్రాంతాన్ని కౌంటీ మూసివేసింది. కారణం పర్యావరణవాదుల కుట్ర కాదు, రాళ్ల వెనక పేరుకుపోయిన మనుషుల మలం. రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది, కాని ఆ మూసివేత న్యాయమైనది. 2009లో మట్టి కొట్టుకుపోవడం, నూనె కారడం, మలం అనే మూడు కారణాలు చూపి, ప్రాంతీయ నీటి నాణ్యత మండలి కౌంటీకీ ఫారెస్ట్ సర్వీసుకూ శుభ్రపరచమని ఉత్తర్వు ఇచ్చింది. ఆనాడు సందేశంలో చెప్పినట్టు గేట్లు చుట్టి తిరిగి ఉంటే ఈనాడు రూబికాన్ ఉండేది కాదు. ఫ్రెండ్స్ ఆఫ్ ది రూబికాన్ పేరుతో పోగైనవారు సమావేశాలలో కూర్చున్నారు, వాలుల మీద నీరు పక్కకు మళ్లేలా రాళ్లు పేర్చారు, బండికొక మలసంచీ, నూనె పీల్చే గుడ్డల కిట్టు ఉండాలని తోటివారికి చెప్పి ఒప్పించారు. కాలిఫోర్నియాలో 1971 చట్టం కింద ఆఫ్‌రోడ్ బండ్ల రిజిస్ట్రేషన్‌కు మనం కట్టే గ్రీన్ స్టిక్కరు ఫీజు, పెట్రోలు పన్నులో మన వాటా కలిసి ఏర్పడిన నిధి ఇటువంటి పనులకే గ్రాంటుగా వస్తుంది. దాని కోసం దరఖాస్తు రాసి, స్వచ్ఛంద గంటల లెక్క చూపే మనుషులు కావాలి. మా క్లబ్బు చందా ఏడాదికి నలభై డాలర్లు, పోయిన ఏడు అందులో ఎక్కువ భాగం పారలకు, గ్లవ్స్‌కు, ఒక చైన్‌సా మరమ్మతుకు పోయింది. పిక్నిక్కు పెట్టుకున్న మాటా నిజమే, పులిహోర నేనే తెచ్చాను.

గ్రూపులోని మిత్రులకు నా విన్నపం ఒక్కటే. మిగతా నాలుగు అంశాల మీద ఎంతైనా వాదించుకుందాం, నాలుగో అంశమున్న ఆ సందేశాన్ని మాత్రం తొలగించండి, ఎవరికి పంపారో వారికి ఈ జవాబు కూడా పంపండి. మేం పూడ్చిన మైదానంలో మొన్న జూన్ నాటికి గడ్డి సగం దాకా వచ్చింది. పైభాగంలో అడ్డం వేసిన దుంగను ఎవరో వించ్‌తో పక్కకు లాగేశారు, అక్కడ కొత్త టైరు గుర్తులున్నాయి. మంచు పడేలోగా మళ్లీ వెళ్లాలి. ఈసారి కనీసం పాతిక మందిమి కావాలి.