సవరణ: లెగో ఇటుకలు పసుపెక్కింది ఉప్పుగాలికి కాదు

పోయిన వారం నా లెగో సెట్ల గురించి రాస్తూ, విశాఖ తీరంలోని లాసన్స్ బే ఉప్పుగాలికి ఆ తెల్ల బొమ్మ ఇటుకలు పసుపెక్కాయని తేల్చేశాను. తప్పు. ఉప్పుగాలి మా బాల్కనీ గ్రిల్లును తినేస్తుంది గానీ, ఈ ఇటుకలు ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్. తుప్పు పట్టడానికి వాటిలో ఇనుమేదీ? అసలు దోషి ఎండ. అందులోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్‌ను మెల్లగా మార్చి రంగు తిప్పేస్తాయి. నా సెట్లు తూర్పు కిటికీకి ఎదురుగా ఉన్నాయి. పొద్దున్నే సముద్రం మీంచి వచ్చే ఎండంతా పై అర మీదే. కింది అరలో నీడన ఉన్నవి ఇప్పటికీ మల్లెపూలే. గాలి రెండు అరలకూ ఒకటే కదా! నలభై దాటాక బొమ్మలు కొనే బుర్రకు ఈ మాత్రం తట్టలేదు.

నా మాట విని చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టినవాళ్లు వాటిని తీసేయక్కర్లేదు. పెట్టెల అట్టకూ, సూచనల పుస్తకాలకూ విశాఖ చెమ్మ పడదు. ఇటుకలకు మాత్రం కర్టెన్ వేయండి.

ఇంకొకటి. లెగో తాజ్‌మహల్ సెట్ 2017లో తొలిసారి వచ్చిందన్నాను. అది పునర్విడుదల, 5,923 ముక్కలు. మొదటిది 2008 నాటిది, 5,922.