‘ఏడాదిలో నర్సింగ్ డిగ్రీ’ మెసేజ్‌కి జవాబు

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. "బీఎస్సీ నర్సింగ్‌కి నాలుగేళ్లు దండగ. పక్క రాష్ట్రంలో ఏడాదిలో పూర్తి. క్లాసులకు వెళ్లక్కర్లేదు, పరీక్ష రాస్తే చాలు. ఏఎన్‌ఎం చేసినవాళ్లకు నేరుగా రెండో ఏడాదిలో సీటు. జీఎన్‌ఎంకి ఇక విలువ లేదు. సర్టిఫికెట్ ఉంటే గల్ఫ్, జర్మనీ. డబ్బు లేనివాళ్లకు ఇదొక్కటే దారి" అని. కింద ఒక ఫోన్ నంబరు. (ఏఎన్‌ఎం అంటే సహాయ నర్సు కోర్సు, జీఎన్‌ఎం అంటే నర్సింగ్ డిప్లొమా.)

ఇందులో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట "క్లాసులకు వెళ్లక్కర్లేదు". ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ప్రతి సబ్జెక్టులో 80 శాతం హాజరు ఉంటేనే పరీక్షకు కూర్చోనిస్తారు. డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్ పోస్టింగుల్లో, అంటే ఆసుపత్రి వార్డుల్లో చేసే శిక్షణలో, 100 శాతం హాజరు పూర్తి చేయాలి. ఇంటర్ తర్వాత చేసే నర్సింగ్ డిగ్రీ దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ చెల్లదు.

లేబర్ రూమ్ పోస్టింగ్ సంగతే చూడండి. పర్యవేక్షణలో తాను చేసిన ప్రసవాలను విద్యార్థి కేస్‌బుక్‌లో ఒక్కొక్కటిగా రాయాలి: నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, బిడ్డ ఎప్పుడు పుట్టింది, బరువెంత, పుట్టగానే ఏడ్చిందా. వాటికి పైవాళ్ల సంతకం ఉండాలి. రిజిస్ట్రేషన్ నర్సుగానే కాదు, మిడ్‌వైఫ్‌గా కూడా ఇస్తారు మరి. కాలేజీ మొహం చూడని పిల్లకి ఆ పుస్తకం ఎవరు నింపుతారు? ఎవరో ఒకరు నింపేస్తారనే ఏజెంటు ధైర్యం. రేపు నైట్ డ్యూటీలో రక్తస్రావం ఆగని బాలింత దగ్గర నిలబడాల్సింది ఏజెంటు కాదు కదా!

ఇక "ఏడాదిలో" అనే మాట. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. అందులో కోత లేదు. పోస్ట్ బేసిక్ బీఎస్సీ అని రెండేళ్ల కోర్సు ఉన్నమాట నిజమే, కానీ అది జీఎన్‌ఎం పూర్తిచేసి రిజిస్టరైన నర్సులకే. ఏఎన్‌ఎంకి లేటరల్ ఎంట్రీ అన్నది శుద్ధ అబద్ధం. ఏఎన్‌ఎం చేసినవాళ్లు జీఎన్‌ఎంలో చేరొచ్చు, అయితే మొదటి ఏడాది నుంచే.

జీఎన్‌ఎంకి విలువ లేదన్న దానికి మాత్రం ఒక మూలం ఉంది. దాన్ని క్రమంగా ఎత్తేస్తామని కౌన్సిల్ ఒకప్పుడు ప్రకటించింది, తర్వాత పక్కన పెట్టింది. మూడేళ్ల జీఎన్‌ఎం చేసినా రిజిస్టర్డ్ నర్సే. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష నార్సెట్‌కి జీఎన్‌ఎం వాళ్లూ అర్హులే. కాకపోతే 50 పడకలకు తగ్గని ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. బీఎస్సీ వాళ్లకు ఆ షరతు లేదు. ఉద్యోగం వస్తే ఇద్దరికీ ఏడో వేతన సంఘం ప్రకారం మూలవేతనం 44,900తోనే మొదలు.

అసలు త్వరగా అంటే దేనికి త్వరగా? జీతం త్వరగా కావాలంటే జీఎన్‌ఎం, మూడేళ్లు. పైగా ఇంటర్‌లో బైపీసీ కాకపోయినా చేరొచ్చు. డిగ్రీ త్వరగా కావాలంటే నేరుగా బీఎస్సీయే, ఎందుకంటే జీఎన్‌ఎం మీద పోస్ట్ బేసిక్ చేస్తే మొత్తం ఐదేళ్లవుతుంది. ఇంట్లో అప్పుంటే ఆ ఐదేళ్ల దారే నయమని నా అభిప్రాయం. మధ్యలో ఆగి సంపాదించుకోవచ్చు.

విదేశాల మాటకొస్తే, గల్ఫ్ లైసెన్సుకి డేటాఫ్లో అనే సంస్థ చేసే సర్టిఫికెట్ల వెరిఫికేషన్ ఉంటుంది. వాళ్లు మీ చేతిలోని కాగితం చూసి ఊరుకోరు, అది ఇచ్చిన కాలేజీనీ కౌన్సిల్‌నీ నేరుగా అడుగుతారు. జర్మనీలో పూర్తి గుర్తింపు పొందిన నర్సు కావాలంటే సాధారణంగా బీ2 స్థాయి జర్మన్, అంటే ధారాళంగా మాట్లాడేంత, రావాలి. తెలంగాణ వాళ్లకు ఏజెంటు అక్కర్లేదు, ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది.

డబ్బు లేనివాళ్ల దారి గురించి. కన్వీనర్ కోటాలో సీటు వస్తే అర్హత ఉన్న కుటుంబాలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. ఏజెంటు ఇప్పించే పక్క రాష్ట్రం మేనేజ్‌మెంట్ సీటుకి అది రాదు. హాస్టల్, యూనిఫాం, ఆసుపత్రికి బస్సు అంటూ తర్వాత వసూలు చేసేవి ఆ మెసేజ్‌లో ఎలాగూ ఉండవు. పెళ్లికాని అమ్మాయిలకు మిలిటరీ నర్సింగ్ సర్వీస్ ఉంది. పుణె ఏఎఫ్‌ఎంసీ లాంటి సైనిక కాలేజీల్లో నాలుగేళ్ల బీఎస్సీ చదువు, బస, భోజనం ప్రభుత్వ ఖర్చుతోనే, స్టైపెండ్ కూడా ఇస్తారు. బదులుగా సైన్యంలో పనిచేస్తామని బాండ్ రాయాలి. దీనికి నీట్ రాయాలి, కాబట్టి ఇంటర్ ఫలితాల దాకా ఆగితే కుదరదు.