హస్కీలు చాలు, మన వీధి కుక్క కథ తీయండి

ఒక పిల్లాడు, వాడి కుక్క, ఇద్దరినీ విడదీసే విలన్, చివర్లో ఏడుపు. 1943లో హాలీవుడ్‌లో లాసీ అనే కుక్క కథ తెరకెక్కిన నాటి నుంచీ ఈ లెక్క పెద్దగా మారలేదు, మారి తీరాలని మేమూ అనడం లేదు, ఎందుకంటే ఒడిశాలోని మన బరంపురంలోనైనా పర్లాకిమిడిలోనైనా ఇంటిల్లిపాదీ పిల్లలతో కూర్చుని ఇబ్బంది పడకుండా చూడగలిగే సినిమాలు ఎన్నున్నాయని! మా పేచీ అంతా ఆ కుక్కతోనే.

2022లో ఇలాంటివి రెండొచ్చాయి. తమిళంలో తీసిన 'ఓ మై డాగ్'లో చూపులేని హస్కీ కూన, కన్నడ '777 చార్లీ'లో లాబ్రడార్. రెండూ తెలుగులోకీ వచ్చాయి. చార్లీలో కుక్కల్ని పెంచి అమ్మేవాళ్ల క్రూరత్వాన్ని గట్టిగానే చూపించారు, మెచ్చుకోవాలి. అయినా సినిమా అయ్యాక పిల్లలు అడిగేది తెరమీద చూసిన జాతి కుక్కనే. సైబీరియా మంచులో బండి లాగడానికి పుట్టిన హస్కీని తెచ్చి బరంపురం మే నెల ఉక్కలో మూడో అంతస్తు బాల్కనీలో కట్టేస్తే దాని గతేం కావాలి?

గోపాల్‌పూర్ ఒడ్డున తెలుగు మత్స్యకారుల పిల్లల వెంట తిరిగేవి ఏ జాతీ కావు. వల దులిపే చోట చేప కోసం కాచుకుంటాయి, పిల్లలు ఎటు పోతే అటు పోతాయి. కథలో గొడవ కావాలంటే రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటు దాకా వెళ్తే చాలు. అక్కడ ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి, కుక్కలు తవ్వి తినేస్తాయి, అటవీ శాఖ వాళ్లు చుట్టూ వల కడతారు. మరి తాబేలు పిల్లల్నీ తన కుక్కనీ ఒకేలా ప్రేమించే పిల్ల ఎటు నిలబడాలి? దీనికి విలనే అక్కర్లేదు. కుక్క కథలు మనకు కొత్తా ఏమిటి, నన్నయ భారతం మొదట్లోనే తన బిడ్డను అకారణంగా కొట్టారని సరమ అనే కుక్క వెళ్లి జనమేజయ మహారాజునే నిలదీస్తుంది.

అయితే వీధి కుక్కను ముద్దు చేయమని చెప్పి రేబిస్ మాట ఎత్తకపోవడం మోసం. లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం. అనుమానమున్న జంతువులు కరిచినవాళ్లలో 40 శాతం మంది 15 ఏళ్ల లోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంట్లో తిడతారని కాటు దాచేదీ ఎక్కువగా పిల్లలే. కాబట్టి ఆ సినిమాలో పాటొకటి తగ్గినా ఫర్వాలేదు, గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి పరిగెత్తే సీను ఉండాలి, ఊరి కుక్కలకు టీకాలు వేసే సీను కూడా.

ఇంకొకటి, దయచేసి చివర్లో కుక్కను చంపొద్దు. 1957 నాటి 'ఓల్డ్ ఎల్లర్'లో రేబిస్ సోకిన కుక్కను పెంచిన పిల్లాడే కాల్చాల్సి వస్తుంది, సరే, అది 1860ల టెక్సాస్ కథ. పాశ్చర్ తన రేబిస్ టీకాను తొమ్మిదేళ్ల పిల్లాడికి తొలిసారి వేయించింది 1885లో. ఇప్పుడు ఆ సూది మన ఊళ్లోనే దొరుకుతుంటే, హాలంతా ఏడవడం కోసం కుక్క ప్రాణం తీసే దర్శకుణ్ణి మేమైతే బద్ధకస్తుడనే అంటాం.